గాయం మానినా... హక్కు మాసిపోదు!

హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అంటే తెలియనివారుండరు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందా పేరు. ఆ దళాన్ని నిజాంకు ఇచ్చింది వనపర్తి సంస్థానమే! పాలమూరు గడ్డకు సైన్యంతో బంధం అంత పాతది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ‘మిలిటరీ ఆయన’ ఇల్లు ఏదంటే ఇప్పటికీ చెయ్యెత్తి చూపిస్తారు. మరి ఆయన వెంట తెచ్చుకున్న విరిగిన మోకాలికి, వినపడని చెవికి సర్కారు పరిహారం ఇస్తుందని ఆ ఇంట్లోవారికి తెలుసా?

లెక్క ఇదీ...

వైకల్యంతో సర్వీసు మధ్యలో ఇంటికి పంపితే పింఛను రెండు భాగాలుగా వస్తుంది. ఒకటి సర్వీసు భాగం... ఆఖరి జీతంలో సగం. దీనికి ఇన్నేళ్లు పనిచేసి ఉండాలన్న షరతు లేదు. రెండోది వైకల్య భాగం. నూటికి నూరు శాతం వైకల్యముంటే జీతంలో 30 శాతం. యుద్ధంలో గాయపడితే అదే 100 శాతం.

జీతం 30,000 రూపాయలు, వైకల్యం 30 శాతం అనుకుందాం. లెక్క ప్రకారం వైకల్య భాగం 2,700 రావాలి. కానీ 50 శాతం లోపు వైకల్యాన్ని 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆపైన 100గా లెక్కిస్తారు. అంటే చేతికొచ్చేది 4,500! కరువు భత్యం అదనం. పూర్తికాలం పనిచేసి రిటైరైన వారికీ ఈ సవరణ వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే వారికి కనీసం 20 శాతం వైకల్యం ఉండాలి.

‘సర్వీసు వల్ల కాదు’ అంటే?

చిక్కంతా ఇక్కడే. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసులో ముదిరిందా అన్నది మెడికల్ బోర్డు రాస్తుంది. ‘కాదు’ అని రాస్తే వైకల్య భాగం ఆగిపోతుంది. ధరమ్‌వీర్ సింగ్ 1985లో సైన్యంలో చేరారు. మూర్ఛవ్యాధి వచ్చిందని 1994లో ఇంటికి పంపారు, పింఛను లేదన్నారు. చేరేనాటి కాగితాల్లో ఆ జబ్బు రాసి లేనప్పుడు అది సర్వీసులో వచ్చినట్టే భావించాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సెప్టెంబర్ 21 తర్వాత బయటికొచ్చిన వారికి మాత్రం కొత్త నిబంధనలున్నాయి.

అగ్నివీరులకు పింఛను లేదు. సర్వీసు వల్ల కలిగిన వైకల్యం శాతాన్ని బట్టి 15, 25 లేదా 44 లక్షల రూపాయలు ఒకేసారి ఇస్తారు.

ఎక్కడికెళ్లాలి?

ముందు ట్రంకుపెట్టె తెరవండి. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు, మెడికల్ బోర్డు కాగితం వెతకండి. బోర్డు కాగితం లేకపోతే రికార్డ్స్ ఆఫీసుకు రాసి నకలు అడగండి. ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ వాళ్లకు అది సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆర్టిలరీకి నాసిక్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్. దరఖాస్తు రాయడానికి సైనిక సంక్షేమ కార్యాలయం సాయపడుతుంది. తిరస్కరిస్తే అప్పీలు చేయొచ్చు. అక్కడా కాదంటే సాయుధ దళాల ట్రైబ్యునల్ చెన్నై బెంచి ఉంది.

ఆలస్యం మాత్రం వద్దు. పదహారేళ్ల తర్వాత కోర్టుకెళ్లిన తర్సేమ్ సింగ్‌కు పింఛను దక్కింది. బకాయిలను మాత్రం 2008లో సుప్రీంకోర్టు 38 నెలలకే పరిమితం చేసింది. మిగిలిన ఏళ్ల సొమ్ము పోయినట్టే!

ఈ ఆదివారం తాతయ్యనో, బాబాయినో కూర్చోబెట్టి ఆ కాగితాలు ఒక్కసారి చదవండి. ఆయన అడగరు... మీరే అడగాలి.