నిట్టనిలువుగా లేచు విద్యుద్విమానములు

చెఱువుగట్టున నిలిచి చూచువారికి రెండు విధములగు పక్షులు కానవచ్చును. గ్రద్ద ఱెక్కలు చాచి, వానిని ఆడింపకయే చాలసేపు ఆకసమున తిరుగుచుండును. నలుపు తెలుపు ఈకలు గల లకుముకిపిట్ట యన్ననో నీటిపై నొకచోట నిలిచి, ఎడతెగక ఱెక్కలు కొట్టుకొని, చేప కనబడిన తోడనే దుముకును. గ్రద్ద ఎంతసేపు తిరిగినను అలసినట్లు తోపదు. లకుముకిపిట్ట మాత్రము కొద్ది నిమిషములైనను అట్లు నిలువజాలదు. ఇప్పుడు పలుదేశముల శాస్త్రజ్ఞులు నిర్మించుచున్న విద్యుద్విమానములు ఈ రెండు పక్షుల పనులను చేయవలసి యున్నవి. అవి నేలనుండి నిట్టనిలువుగా లేచి, ఱెక్కలు చాచి దూరము పోయి, మరల నిట్టనిలువుగా దిగవలయును. అది యెట్లు సాధ్యమగునో, అందలి చిక్కు లెట్టివో మా చదువరులకు తెలుపుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము.

నిలువుగా లేవవలెనను కోరిక క్రొత్తది కాదు. 1907వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున బ్రెగే సోదరులు నిర్మించిన యంత్రము, మనుష్యులు నాలుగు మూలల పట్టుకొని యుండగా, నేల విడిచి కొంచెము లేచెను. 1939లో అమెరికాయందు ఈగర్ సికోర్‌స్కీ తన హెలికాప్టరును లేపెను. నాటినుండి హెలికాప్టరులు వరదలలో చిక్కినవారిని, దూరపు రోగులను మోసి యెందఱినో కాపాడినవి. కాని హెలికాప్టరునకు ఒక పెద్ద యింజను, పండ్లచక్రముల పెట్టె, పొడవైన పంకా ఱెక్కలు కావలయును. దాని ధ్వనియు వ్యయమును అధికములు.

విద్యుత్తుతో నడచు మోటారు ఈ స్థితిని మార్చినది. ఇంజను చిన్నదైన కొలది దాని సామర్థ్యము తగ్గును. మోటారు చిన్నదైనను అంతగా తగ్గదు. దానిని నడుపుటకు తీగ యొకటి చాలును. కావున ఒక పెద్ద పంకాకు మాఱుగా అనేకములైన చిన్న పంకాలను, ఒక్కొక్క దానికి ఒక్కొక్క మోటారును అమర్పవచ్చును. 2011వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన జర్మనీలోని కార్ల్‌స్రూ వద్ద టోమాస్ సెంకెల్ అను నతడు 16 పంకాల యంత్రములో కూర్చుండి 90 సెకండ్లు ఎగిరెను. ఆ యంత్రమునకు కాళ్లు లేవు. క్రింద నొక పెద్ద రబ్బరుబంతి మాత్రమే యుండెను!

ఇక నీ విమానములను రూపొందించువారి మొదటి లెక్క యేమనగా, గాలిలో నిలుచుటకు ఎంత శక్తి కావలయును? పంకా గాలిని క్రిందికి తోయగా, ఆ గాలి విమానమును పైకి తోయును. ఎక్కువ గాలిని మెల్లగా తోయవచ్చును; కొంచెము గాలిని వేగముగా తోయవచ్చును. రెంటిచేతను బరువు నిలుచును. కాని గాలి వేగమును రెండింతలు చేసినచో అందులకగు శక్తి నాలుగింతలగును. తోయవలసిన గాలి సగమగును గనుక మొత్తముమీద రెండింతల శక్తి వ్యయమగును. వెడల్పైన తాటాకు విసనకఱ్ఱతో మెల్లగా విసరుకొనువాని కంటె చిన్న అట్టముక్కతో అంతే గాలి కొఱకు విసరుకొనువాడు త్వరగా అలసిపోవుట మన మెఱిగినదే.

2,000 కిలోగ్రాముల విమానము నొకదానిని తలంతము. పది మీటర్ల వ్యాసము గల పంకాకు సుమారు 80 చదరపు మీటర్ల వైశాల్య ముండును. అది గాలిని సెకండునకు 10 మీటర్ల వేగమున లాగును. అందులకు లెక్కప్రకారము 196 కిలోవాట్లు చాలును. పంకాల మొత్తపు వైశాల్యము 20 చదరపు మీటర్లే యైనచో గాలివేగము 20 మీటర్లు, శక్తి 392 కిలోవాట్లు కావలయును. నిజమైన యంత్రములలో నూటికి డెబ్బది పాళ్లే పనికి వచ్చునని తలచినచో ఇవి 280, 560 అగును. గాలి పలుచనైనచో ఇంకను హెచ్చును. మన వేసంగిలో 40 డిగ్రీల యెండయందు గాలి, 15 డిగ్రీల చల్లని గాలికంటె నూటికి ఎనిమిది పాళ్లు పలుచన.

అదే విమానము మంచి ఱెక్కలు చాచి గంటకు 180 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు, దాని బరువులో పదియవ వంతు తోపుడు చాలును. అప్పటి వ్యయము సుమారు 120 కిలోవాట్లు మాత్రమే. గ్రద్దకును లకుముకిపిట్టకును గల భేద మిదియే.

ఇప్పుడు బ్యాటరీని చూతము. ఒక కిలోగ్రాము కిరసనాయిలులో సుమారు 12 కిలోవాటుగంటల శక్తి కలదు. కట్టుదిట్టముగా పెట్టెలో నమర్చిన లిథియం బ్యాటరీ కిలోగ్రామునకు సుమారు 0.2 మాత్రమే. ఇంజను ఆ నూనెలో మూడవ వంతో నాలుగవ వంతో మాత్రమే పనిగా మార్చునన్నను, భేదము పదిరెట్లకు మించియే యుండును. మఱియు నూనె ఖర్చగుకొలది విమానము తేలికయగును; బ్యాటరీ బరువు కడవఱకు తగ్గదు. మన విమానములో 500 కిలోగ్రాముల బ్యాటరీ నుంచితిమనుకొందము. అందు 100 కిలోవాటుగంటలు కలవు. చిన్న పంకాలతో నిలిచినచో 11 నిమిషములైనను రాదు. పెద్ద పంకాతో 21 నిమిషములు. ఱెక్కలపై పోయినచో 50 నిమిషములు. కావున ఎక్కువసేపు నిలుచుటకు కాక, సాధ్యమైనంత తక్కువసేపు నిలుచుటకు తగినట్లు విమానమును రూపొందించుటయే యీ విద్యలోని మర్మము.

ఇందులకు మూడు మార్గములు కలవు. మొదటిది ఱెక్కలు లేక పంకాలు మాత్రమే గలది. ఇది సులభము, నిలుచుటకు మంచిది, దూరము పోజాలదు. చైనా దేశపు ఈహాంగ్ సంస్థవారి 16 పంకాల విమాన మిట్టిది. చోదకుడు లేకయే యిద్దఱిని మోయు నా విమానమునకు 2023 అక్టోబరులో ఆ దేశపు అధికారులు అనుమతిపత్ర మిచ్చిరి. రెండవది, లేచుటకు కొన్ని పంకాలు, ముందునకు తోయుటకు వేఱొక పంకా గలది. 2018లో వెల్లడియైన కోరా అను విమానమున లేపు పంకాలు 12, తోయు పంకా 1. ముందునకు పోవునప్పుడు ఆ పండ్రెండును పనిలేని బరువే యగును. మూడవది పంకాలను త్రిప్పునది. అవి లేచునప్పుడు ఆకసమువైపు, పోవునప్పుడు ముందువైపు చూచును. బరువు వ్యర్థము కాదు గాని త్రిప్పు యంత్రములు చిక్కైనవి. అమెరికాలోని జోబీ సంస్థవారు ఆఱు పంకాల యిట్టి విమానమును 2021లో నేలనుండియే నడపి, ఒక్కమాఱు నింపిన బ్యాటరీతో సుమారు 248 కిలోమీటర్లు పోనిచ్చి నిలువుగా దింపిరి. మన చెన్నైయందును ఐ.ఐ.టి. యాశ్రయమున పుట్టిన ఈప్లేన్ అను సంస్థ యీ పనికి పూనుకొనెను.

అన్నింటికంటె గొప్ప ప్రశ్న ప్రాణరక్షణకు సంబంధించినది. ఇంజను ఆగినను హెలికాప్టరు పంకా దిగునప్పటి గాలికి తిరుగుచుండును. నేర్పరియైన చోదకుడు దానిని మెల్లగా దింపగలడు. విద్యుద్విమానముల చిన్న పంకాలు తేలికైనవగుటచే క్షణములోనే వేగము కోల్పోవును. కావున ఏ ఒక్క మోటారు చెడినను తక్కినవి బరువు మోయవలయును. ఆఱు పంకాలలో ఒకటి చెడగా, తూకము తప్పకుండుటకై దాని కెదుటిదానిని కూడ ఆపవలసి వచ్చెననుకొనుడు. మిగిలిన నాలుగును ఒక్కొక్కటి ఒకటిన్నర రెట్ల బరువు మోయవలయును. అందులకగు శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, సుమారు 1.84 రెట్లు! పదునాఱు పంకాలున్నచో అదే లెక్క 1.22 రెట్లే యగును. మోటారులే కాదు, బ్యాటరీలును తీగలును లెక్కించు యంత్రములును కూడ వేర్వేరుగా నుండవలయును.

ఇంతకు మించిన చిక్కు వేఱొకటి కలదు. బ్యాటరీ బాగుగా తఱిగిన పిమ్మటనే దిగవలసి వచ్చును. దిగునప్పుడే అత్యధికమైన శక్తి కావలయును. తఱిగిన బ్యాటరీ బలము తగ్గి, వేడెక్కును. కావున కడపటి దిగుట కొఱకు కొంత శక్తిని దాచియుంచి, ప్రయాణమును ముందుగనే ముగింపవలయును. పైన లెక్కించిన 50 నిమిషములలో ప్రయాణీకులకు దక్కునది కొంత భాగమే.

ఐరోపా విమానరక్షణ సంస్థ 2019లో ప్రకటించిన నియమముల ప్రకారము, పట్టణములపై ఎగురు నిట్టి విమానములలో ప్రాణాపాయకరమగు లోపము నూఱుకోట్ల గంటల ప్రయాణమున కొకటికంటె నెక్కువగా సంభవింపరాదు. ఏ ఒక్క లోపమును విమానమును కూల్పరాదు. ఈ కాఠిన్యము అనవసరము కాదు. 2022 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాయందు ఒక విమానమునకు, 2023 ఆగస్టులో ఇంగ్లండునందు వేఱొక దానికి పరీక్షవేళ పంకా ఱెక్క ఊడి, రెండును కూలినవి. రెంటిలోను మనుష్యులు లేరు. విమానపు హద్దులు తెలియకముందు మనుష్యు నెక్కింపరాదను జాగ్రత్తయే ప్రాణములను కాపాడినది. ద్రవ్యపు చిక్కులును తక్కువ కావు. 36 చిన్న పంకాల విమానమును 2019లో ఎగురవేసిన జర్మనీలోని లిలియం సంస్థ 2024లో దివాలాకు లోనయ్యెను.

రోడ్డు తెగిన లంకగ్రామమున ప్రసవవేదన పడు తల్లికి ఇట్టి విమాన మొకనాడు మేలు చేయవచ్చును. ఆ మేలు బ్యాటరీలో నొక్కొక్క కిలోగ్రామునకు పెరుగు శక్తిమీదను, ఆ శక్తిని మితముగా వాడు నేర్పుమీదను ఆధారపడి యున్నది. మా విద్యార్థులు మూడువేల కిలోగ్రాముల విమానమునకు పై లెక్కలను మరల చేసి చూతురుగాక. బరువు ఒకటిన్నర రెట్లయినచో శక్తి యెన్ని రెట్లగునో తెలిసినప్పుడు, దీనిని రూపొందించువారు ఒక్కొక్క మేకు బరువును సైతము ఏల తూచుచున్నారో వారికే బోధపడును.