విద్యార్థి ధ్రువపత్రం తాకట్టు వస్తువు కాదు
నిలిపివేసిన డిప్లొమాను పొందడానికి చట్టంలో గల మార్గాలు

(ప్రత్యేక వ్యాసం)

పరీక్షా ఫలితాలు వెలువడి, పై చదువులకు ప్రవేశాలు, ఉద్యోగ నియామకాలు మొదలయ్యే రోజులలో జిల్లా కలెక్టరేట్లకు, విశ్వవిద్యాలయాల రిజిస్ట్రార్ కార్యాలయాలకు, పత్రికా కార్యాలయాలకు ఒకే తరహా వినతులు అందుతుంటాయి. ఉత్తీర్ణత సాధించినప్పటికీ కళాశాల యాజమాన్యం డిప్లొమా గాని, టీసీ గాని ఇవ్వడం లేదన్నది వాటి సారాంశం. రుసుము బకాయి ఉన్నదని, ప్రభుత్వం నుండి రావలసిన బోధన రుసుము జమ కాలేదని, విద్యార్థి మధ్యలో మానివేసినందున మిగిలిన సంవత్సరాల రుసుము కూడా చెల్లించాలని యాజమాన్యాలు కారణాలు చూపుతుంటాయి.

పాలిటెక్నిక్ పూర్తి చేసి, ఈసెట్ ద్వారా ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో సీటు పొందిన విద్యార్థికి ఈ జాప్యం ఎంతటి నష్టం కలిగించగలదో వేరుగా చెప్పనవసరం లేదు. నిర్ణీత గడువులోగా ఒరిజినల్ పత్రాలు చూపలేకపోతే వచ్చిన సీటు చేజారవచ్చును. బకాయి ఎంత అన్న వివాదం తీరడానికి నెలలు పట్టినా, కౌన్సెలింగ్ గడువు మాత్రం రోజులలోనే ముగుస్తుంది. ఈ కారణంగా విద్యార్థికి గల హక్కులు, వాటిని వినియోగించుకొనే క్రమం గురించి పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు స్పష్టమైన అవగాహన అవసరం.

ఏ పత్రం, ఎవరి వద్ద?

వివాదంలో మొదట తేల్చవలసినది, నిలిచిపోయిన పత్రం ఏది అన్న సంగతి. ప్రవేశ సమయంలో విద్యార్థి స్వయంగా అప్పగించిన పదవ తరగతి, ఇంటర్మీడియట్ మెమోలు మొదటి రకం. ఇవి విద్యార్థి సొత్తు. కళాశాల స్వయంగా జారీ చేయవలసిన టీసీ, స్టడీ, కాండక్ట్ సర్టిఫికెట్లు రెండవ రకం. విశ్వవిద్యాలయం గాని, రాష్ట్ర సాంకేతిక విద్య, శిక్షణ మండలి గాని జారీ చేసే మార్కుల మెమో, ప్రొవిజనల్, డిప్లొమా, పట్టా మూడవ రకం. ఈ మూడవ రకం పత్రాల విషయంలో కళాశాల పాత్ర, అవి తన ద్వారా పంపిణీ అయ్యే చోట, అందజేయడం వరకే పరిమితం.

సబ్జెక్టులు మిగిలి ఉండడం, పరీక్షలో అక్రమాలపై విచారణ సాగుతుండడం వంటి కారణాలతో అర్హతే పూర్తికానప్పుడు జారీ చేసే సంస్థ డిప్లొమాను ఆపవచ్చును. అది వేరు విషయం. అర్హత పూర్తి అయిన తరువాత కేవలం డబ్బు వసూలు కోసం పత్రాన్ని అట్టిపెట్టుకోవడమే ఇక్కడ చర్చనీయాంశం.

తాకట్టు హక్కు ఎందుకు లేదు?

బాకీ తీరే వరకు ఎదుటివారి వస్తువును అట్టిపెట్టుకొనే సాధారణ హక్కును 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ బ్యాంకర్లు, రేవు గిడ్డంగుల నిర్వాహకులు మొదలైన కొద్దిమందికి మాత్రమే ఇచ్చింది. ఆ జాబితాలో విద్యాసంస్థలు లేవు. ఫీజు బకాయి పేరుతో క్లయింటు కేసు కాగితాలను న్యాయవాది అట్టిపెట్టుకోరాదని ఆర్.డి. సక్సేనా కేసులో 2000లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అమ్మకపు విలువ లేని కాగితాలు ఆ సెక్షన్ పరిధిలోని సరుకులు కావని అందులో వివరించింది. బజారులో అమ్ముడుపోని మార్కుల మెమోకు, డిప్లొమాకు కూడా ఇదే తర్కం వర్తిస్తుందన్నది విద్యార్థుల తరఫు ప్రధాన వాదన.

దీని అర్థం బకాయి రద్దయిందని కాదు. న్యాయంగా రావలసిన రుసుమును యాజమాన్యం నోటీసు ద్వారా, సివిల్ దావా ద్వారా వసూలు చేసుకోవచ్చును. రుసుము ఒక బాకీ, ధ్రువపత్రం ఒక హక్కు. ఈ రెంటినీ విడదీసి చూడడమే వివాద పరిష్కారానికి కీలకం. ప్రభుత్వం చెల్లించవలసిన బోధన రుసుము విషయంలో ఈ విభజన మరింత ముఖ్యం. ఆ చెల్లింపు ఎప్పుడు జరుగుతుందన్నది విద్యార్థి చేతిలో లేని విషయం.

నియంత్రణ సంస్థల నిబంధనలు

ఒరిజినల్ ధ్రువపత్రాలను అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2007 ఏప్రిల్‌లోనే బహిరంగ ప్రకటన జారీ చేసింది. 2018లో ఈ నిబంధనను మరింత స్పష్టం చేసింది. దాని ప్రకారం ఒరిజినల్స్‌ను విద్యార్థి సమక్షంలో సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలి. విద్యార్థి స్వయంగా ధ్రువీకరించిన నకళ్లను మాత్రమే కళాశాల ఉంచుకోవాలి. పట్టాల ప్రదానానికి సంబంధించి యూజీసీ 2008లో తెచ్చిన నియమావళి, విద్యార్థి అర్హుడు కావలసిన తేదీ నుండి 180 రోజులలోగా విశ్వవిద్యాలయం పట్టా ప్రదానం చేయాలని నిర్దేశించింది.

ఫిర్యాదు, అప్పీలు

విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి యూజీసీ 2023 ఏప్రిల్‌లో కొత్త నియమావళిని ప్రకటించింది. విద్యార్థి చదవదలచుకోని కోర్సుకు రుసుము రాబట్టే ఉద్దేశంతో పత్రాలను ఆపడం, ప్రకటించిన రుసుముకు మించి డబ్బు అడగడం ఈ నియమావళి ప్రకారం ఫిర్యాదు చేయదగిన అంశాలు.

మొదటి మెట్టు సంస్థలోని విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ. ఇది ఫిర్యాదు అందిన 15 పనిదినాలలో నివేదిక ఇవ్వాలి. దానితో సంతృప్తి చెందని విద్యార్థి, నిర్ణయం అందిన 15 రోజులలోగా అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చును. విశ్రాంత ఉపకులపతి, విశ్రాంత ఆచార్యులు లేదా మాజీ జిల్లా న్యాయమూర్తి ఈ పదవికి అర్హులు. అప్పీలును 30 రోజులలో పరిష్కరించడానికి వీరు కృషి చేయాలి. విశ్వవిద్యాలయాలకు, వాటి అనుబంధ కళాశాలలకు ఈ ఏర్పాటు వర్తిస్తుంది. పాలిటెక్నిక్ విద్యార్థులు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2019లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనలను ఆశ్రయించవచ్చును. సాంకేతిక విద్యాశాఖకు, సోమవారాలలో కలెక్టరేట్లలో జరిగే ప్రజా వినతుల కార్యక్రమంలోను వినతి సమర్పించవచ్చును.

అయితే ఈ మార్గాలన్నిటికీ పునాది ఒక్కటే. పత్రం కోరుతూ విద్యార్థి లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసుకొని, దానికి రసీదు పొందాలి. రసీదు ఇవ్వకపోతే అదే దరఖాస్తును స్పీడ్ పోస్టులో, ఈ-మెయిల్‌లో పంపాలి. ఏయే పత్రాలు, ఏ తేదీన అప్పగించినవి, ఏ తేదీలోగా ఎందుకు అవసరమో అందులో పేర్కొని, సీటు కేటాయింపు పత్రం లేదా నియామక పత్రం నకలు జతపరచాలి. నోటిమాటగా తిరస్కరించారన్న వాదన అధికారి ముందు గాని, న్యాయస్థానం ముందు గాని నిలవడం కష్టం.

ప్రభుత్వ విద్యాసంస్థలు, విశ్వవిద్యాలయాలు, రాష్ట్ర మండలి విషయంలో 2005 నాటి సమాచార హక్కు చట్టం కూడా ఉపకరిస్తుంది. డిప్లొమా ముద్రణ అయినదా, కళాశాలకు ఏ తేదీన పంపినారు అన్న వివరాలను కోరవచ్చును. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. పత్రం ఎక్కడ ఆగినదో ఈ సమాధానంతో తేలిపోతుంది.

హైకోర్టులో రిట్ పిటిషన్

గడువు ముంచుకు వచ్చినప్పుడు బలమైన మార్గం రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టును ఆశ్రయించడం. చట్టబద్ధమైన విధిని నిర్వర్తించాలని ఆదేశించే మాండమస్ రిట్‌ను ఈ సందర్భంలో కోరతారు. విధి నిర్వర్తించమని ముందుగా కోరడం, అవతలివారు తిరస్కరించడం లేదా మౌనం వహించడం సాధారణంగా దీనికి అవసరం. పైన చెప్పిన దరఖాస్తు, రసీదు ఇక్కడే అక్కరకు వస్తాయి.

ప్రైవేటు కళాశాలపై రిట్ చెల్లదన్న అభిప్రాయం కొందరిలో ఉన్నది. ప్రజా విధిని నిర్వర్తించే ప్రైవేటు విద్యాసంస్థపై సైతం రిట్ జారీ కావచ్చునని ఆండీ ముక్తా సద్గురు ట్రస్టు కేసులో 1989లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఉన్ని కృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసు తీర్పు 1993లో దీనికి బలం చేకూర్చింది. కాగా ఎంత బకాయి అన్న లెక్కల తగాదాలోకి హైకోర్టు రిట్ విచారణలో సాధారణంగా ప్రవేశించదు. అందుచేత పిటిషన్‌ను పత్రాల అప్పగింతకు పరిమితం చేసి, గడువును చూపి మధ్యంతర ఉత్తర్వు కోరడం ప్రయోజనకరం.

సివిల్, వినియోగదారుల మార్గాలు

అప్పగించిన వస్తువును తిరిగి ఇప్పించాలని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం కింద సివిల్ దావా వేయవచ్చును. కోరిన తరువాత తిరస్కరించిన తేదీ నుండి మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. తొందర లేని సందర్భాలకే ఇది తగిన మార్గం.

వినియోగదారుల కమిషన్ మార్గంలో చిక్కులున్నవి. పరీక్షలు నిర్వహించే బోర్డు సేవాప్రదాత కాదని 2009లో, విద్య సరుకు కాదని, విశ్వవిద్యాలయం ఈ పరిధిలోకి రాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. మరోవైపు, గుర్తింపు లేని కోర్సు నడిపిన ఒక దంతవైద్య కళాశాలను 2009లోనే అదే న్యాయస్థానం బాధ్యురాలిని చేసింది. అందువలన విద్యార్థి ఈ మార్గంపై మాత్రమే ఆధారపడడం మంచిది కాదు.

ఖర్చులకు వెరచి హక్కు వదులుకోనవసరం లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలవారు, దివ్యాంగులు, నిర్ణీత పరిమితిలోపు ఆదాయం గలవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని సంప్రదించవచ్చును.

తగని పనులు

కళాశాల వద్ద ఉన్న పత్రాలు పోయినవని పోలీసులకు ఫిర్యాదు చేసి డూప్లికేట్ పొందడానికి కొందరు ప్రయత్నిస్తుంటారు. అబద్ధపు సమాచారం ఇవ్వడం నేరం. న్యాయమైన కేసు సైతం దీనివలన బలహీనపడుతుంది. డిజిలాకర్‌లో పత్రం లభ్యమైతే దానిని డౌన్‌లోడ్ చేసి ప్రవేశ అధికారికి చూపడం సక్రమమైన తాత్కాలిక ఉపాయం. డిజిలాకర్ ద్వారా జారీ అయిన పత్రాలను ఒరిజినల్స్‌తో సమానంగా పరిగణించాలని కేంద్ర నిబంధనలు పేర్కొంటున్నవి.

అధికారులకు, పాత్రికేయులకు

వినతి అందుకున్న అధికారి బకాయి లెక్క తేలే వరకు ఫైలును ఆపక, పత్రాల అప్పగింతను వేరు అంశంగా తీసుకొని, విద్యార్థి గడువు తేదీని ఫైలుపైనే నమోదు చేయడం అవసరం. పత్రం మండలి వద్ద ఆగినదా, కళాశాల వద్ద ఆగినదా నిర్ధారించుకొని, యాజమాన్యం వివరణ కూడా తీసుకొన్న తరువాతనే వార్త ప్రచురించడం సమంజసం. వార్తలో విద్యార్థి హాల్‌టికెట్ నంబరు, మెమో ఫోటో ప్రచురించరాదు. యాజమాన్యానికి రావలసిన రుసుము వసూలుకు చట్టంలో వేరే దారులున్నవి. గడువు దాటి చేజారిన సీటును మాత్రం ఆ తరువాత ఇచ్చే ఏ ఉత్తర్వూ సులభంగా తెచ్చిపెట్టలేదు.