కట్ట తెగిన రాత్రి కబురెవరు చెప్పాలి?

ఖమ్మం నుంచి బెజవాడ పోయే రైళ్లు ఎర్రుపాలెం మీదుగా పోతాయి. కిటికీ పక్కన కూర్చుని పులిహోర పొట్లం విప్పే మనకు, కింద పట్టాలను ఎవరు కనిపెట్టి చూస్తున్నారో తట్టదు. తట్టనక్కరలేని రోజే మంచి రోజు.

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున, అప్పటి నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర అలా కాలేదు. ఎగువన చెరువు తెగి, ఆ వరదకు చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. రేపల్లె నుంచి సికింద్రాబాదు వస్తున్న డెల్టా ప్యాసింజరు చీకట్లో అక్కడికి చేరింది. వందమందికి పైగా ప్రాణాలు పోయాయి.

వంతెన గట్టిదేనా అని అడుగుతాం. అడగవలసిందే. కాని చెరువు ఒకరిది, పట్టాలు మరొకరివి. కట్ట తెగిన సంగతి మొదట తెలిసేది ఊరివాళ్లకు, తెలియవలసింది డ్రైవరుకు. ఈ ఎడాన్ని ఏ సిమెంటూ పూడ్చదు. అందుకే రైలుదారికి ముప్పు తేగల చెరువులకు జాబితా ఉంటుంది. వానలకు ముందే రైల్వేవారూ రాష్ట్రప్రభుత్వంవారూ కలిసి వాటిని చూడాలి.

వానాకాలపు గస్తీలో ఒక తెలివైన ఏర్పాటుంది. గస్తీవాడు దీపమూ పటాసులూ పట్టుకుని తన హద్దంతా నడవాలి. వేళకు రాలేదా, "ఏమీ అయివుండదులే" అనుకోవడానికి స్టేషను మాస్టరుకు వీల్లేదు. రైలు మెల్లగా నడపమని డ్రైవరుకు చీటీ ఇవ్వాలి. కబురు రాకపోవడమూ ఒక కబురే! ఇక ప్రమాదం కంటబడితే, ఎర్రదీపం చూపి రైలు ఆపడానికి అతడు ఎవరి అనుమతికీ ఆగనక్కరలేదు.

2024 సెప్టెంబరు 1న మన లైనులోనే, కేసముద్రం-ఇంటికన్నె మధ్య, వరదకు కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. గస్తీ సిబ్బంది కనిపెట్టి కబురందించారు. రైళ్లు ముందే నిలిచాయి. ప్రయాణికులు స్టేషన్లలో చిక్కుకుపోయారు, నిజమే. కాని ఆలస్యంగానైనా ఇళ్లకు చేరారు.

1956లో మహబూబునగరు దగ్గర వంతెన కూలినప్పుడు రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోతే నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ ఏడే అరియలూరు ప్రమాదం తరువాత ఆయన పదవి విడిచారు. అది పెద్దమనసు. అయితే అది జరిగిపోయిన తరువాతి సంగతి. జరగకముందు భారమంతా వానలో నడిచే మనిషిది. అతనికి తడవని కోటు, ఆరిపోని దీపం, "ఊరికే రైలెందుకు ఆపావు?" అని కసరని పై అధికారి కావాలి. వంతెన ఖర్చు లెక్కల్లో వీటినీ కలపవలసిందే.