మోటారు కాదు.. జాయింటే కాలింది! 27 కిలోమీటర్ల మెషీన్‌ను ఆపేసిన చిన్న అతుకు.. ఆ మాగ్నెట్లను టెస్ట్ చేసింది మనోళ్లే

కోరుట్ల, జగిత్యాల వైపు రైతులకు ఇది తెలిసిన బాధే. బోరు మోటారు కొత్తది, కరెంటు బాగానే వస్తోంది. కానీ స్టార్టర్ దగ్గర వైరు జాయింట్ లూజుగా ఉంటే చాలు.. వేడెక్కి మాడిపోతుంది. సిరిసిల్లలో సాంచాలు నడిపేవాళ్లకూ ఇది కొత్తేం కాదు. సరిగ్గా ఇలాంటి లోపమే 2008లో ప్రపంచంలోని అతిపెద్ద సైన్స్ మెషీన్‌ను ఏడాదికి పైగా మూలన పెట్టింది.

ఆ మెషీన్ పేరు ఎల్‌హెచ్‌సీ. స్విట్జర్లాండ్-ఫ్రాన్స్ సరిహద్దులో, భూమి లోపల 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగంలో ఉంటుంది. నడిపేది సెర్న్ సంస్థ. దాదాపు కాంతి వేగంతో దూసుకెళ్లే ప్రోటాన్లను దారి తప్పకుండా వంచడానికి 1,232 పెద్ద మాగ్నెట్లు పెట్టారు. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు. కరీంనగర్‌కో హైదరాబాద్‌కో వెళ్లి తీయించుకునే ఎంఆర్‌ఐ స్కాన్ మెషీన్‌లోనూ ఇలాంటి సూపర్‌కండక్టింగ్ మాగ్నెటే ఉంటుంది. కాకపోతే దాని బలం ఎక్కువగా 1.5 టెస్లా. ఎల్‌హెచ్‌సీ మాగ్నెట్లది 8.33 టెస్లా.

అంత బలం కావాలంటే దాదాపు 11,850 ఆంపియర్ల కరెంటు పంపాలి. మామూలు రాగి తీగతో కాని పని. అందుకే నియోబియం-టైటానియం తీగను ద్రవ హీలియంతో మైనస్ 271 డిగ్రీలకు చల్లబరుస్తారు. అప్పుడు తీగలో నిరోధం సున్నా అవుతుంది.

చిక్కంతా ఇక్కడే. తీగ వెంట్రుకవాసి కదిలినా, ఆ రాపిడి వేడికే సూపర్‌కండక్టింగ్ గుణం పోతుంది. దీన్నే క్వెంచ్ అంటారు. ఒక్కో మాగ్నెట్‌లో దాగిన శక్తి మన కరెంటు బిల్లు లెక్కలో రెండు యూనిట్లే. కానీ అది సెకను కూడా పట్టకుండా ఒకే చోట బయటపడితే తీగ కరిగిపోతుంది. అందుకే క్వెంచ్ కనిపించగానే హీటర్లు ఆన్ అయి, వేడిని కాయిల్ అంతటా పంచేస్తాయి. వినడానికి వింతే.. కాలకుండా కాపాడేది కూడా వేడే! ఈ రక్షణ ఎలక్ట్రానిక్స్ తయారీలో హైదరాబాద్ ఈసీఐఎల్ పాలుపంచుకుంది.

మరి టెస్ట్ ఎలా చేశారు? సెర్న్‌లోని ఎస్ఎం18 హాల్‌లో 12 బెంచీలు పెట్టారు. మాగ్నెట్‌ను చల్లబరచడం, కరెంటు పెంచుతూ పోవడం, క్వెంచ్ అయితే మళ్లీ చల్లబరిచి మళ్లీ పెంచడం. క్వెంచ్ అయినప్పుడల్లా తీగలు ఇంకాస్త కుదురుకుంటాయి. దీనికి 'ట్రైనింగ్' అని పేరు. రాత్రీపగలూ షిఫ్టుల్లో సాగిన ఈ పనికి బార్క్, ఇండోర్‌లోని ఆర్ఆర్‌క్యాట్ లాంటి అణుశక్తి శాఖ సంస్థల నుంచి మన ఇంజినీర్లు, టెక్నీషియన్లు విడతలవారీగా వెళ్లారు. 1,700కు పైగా మాగ్నెట్ల పరీక్షలు 2007 ఫిబ్రవరికి ముగిశాయి.

2008 సెప్టెంబర్ 10న తొలి బీమ్ తిరిగింది. తొమ్మిది రోజులకే ప్రమాదం! రెండు మాగ్నెట్లను కలిపే జాయింట్‌లో నిరోధం సున్నాకు దగ్గరగా ఉండాల్సింది, ఒక ఓమ్‌లో 50 లక్షల వంతు దాకా ఉంది. దాంట్లో పుట్టిన వేడి ఇంట్లోని ఎల్ఈడీ బల్బు వాడే కరెంటంత. అదే చాలైంది. జాయింట్ తెగి, మెరుపు లేచి, హీలియం గొట్టానికి చిల్లు పడింది. టన్నుల కొద్దీ హీలియం ఎగజిమ్మి మాగ్నెట్లను పక్కకు నెట్టేసింది. ఎవరికీ గాయాలు కాలేదు. కానీ 53 మాగ్నెట్లను పైకి తేవాల్సి వచ్చింది.

విడివిడిగా మాగ్నెట్లన్నీ పాసైనవే. ఆ జాయింట్లు వేసింది మాత్రం తర్వాత, సొరంగంలో. బెంచీ మీద జరిగే టెస్ట్‌లో అవి ఉండవు.

2009 నవంబర్‌లో మెషీన్ మళ్లీ మొదలైంది. భయంభయంగా సగం శక్తితోనే నడిపారు. అయినా 2012 జులైలో హిగ్స్ బోసాన్ దొరికింది. 2013-14లో 10 వేలకు పైగా జాయింట్లు విప్పి చూసి, అవసరమైనవి మళ్లీ వేసి, అన్నింటినీ గట్టిపరిచాకే 2015లో శక్తి పెంచారు.

ఇప్పుడు ఎల్‌హెచ్‌సీ అప్‌గ్రేడ్ కోసం నియోబియం-టిన్‌తో ఇంకా బలమైన మాగ్నెట్లు తయారవుతున్నాయి. టెస్టులకు ఆ ఎస్ఎం18 హాలునే వాడుతున్నారు. ఈసారి అక్కడ 'ఐటీ స్ట్రింగ్' అనే ఏర్పాటు కూడా ఉంది. సొరంగంలోకి దించకముందే మాగ్నెట్లను వరుసగా పేర్చి, జాయింట్లతో సహా కలిపి పరీక్షించడానికే అది.