రెప్పపాటు విద్యుత్తే దీవులకు రక్ష

అది వానాకాలం రాత్రి. అండమాన్ నికోబార్‌లోని ఒక చిన్న దీవిలో రాడార్ తెర ఉన్నట్టుండి మసకబారింది. అప్పటిదాకా చుక్కల్లా కనిపిస్తున్న ఓడలు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. అప్పట్లో నేను నౌకాదళంలో రాడార్ టెక్నీషియన్‌ని. యాంటెన్నా తిరుగుతూనే ఉంది, జనరేటర్ నడుస్తూనే ఉంది. పవర్ సప్లై పెట్టె విప్పి చూస్తే బొటనవేలంత కెపాసిటర్ ఒకటి పైన ఉబ్బిపోయి, అడుగున జిగట కారుతూ కనిపించింది. స్టోర్ నుంచి ఇంకోటి తెచ్చి బిగించాం. గంట గడవకముందే అదీ పోయింది. ఏళ్ల తరబడి అట్టపెట్టెలో పడి ఉండి, వాడకముందే పాడైన సరుకు అది. ప్రధాన భూభాగం నుంచి కొత్తది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆ దిక్కు సముద్రాన్ని బైనాక్యులర్లతో, గస్తీ పడవలతో చూసుకున్నాం. దాని ధర ఒక పూట భోజనం ఖర్చుకు మించదు.

ఆ సముద్రం మామూలుది కాదు. మన దీవుల వరుస ఉత్తర దక్షిణాలుగా 700 కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంది. దక్షిణ కొస అయిన ఇందిరా పాయింట్ నుంచి ఇండోనేషియాలోని సుమత్రా సుమారు 150 కిలోమీటర్లే. మలక్కా జలసంధికి వచ్చీపోయే ఓడలు ఈ రెంటి మధ్య ఉన్న సిక్స్ డిగ్రీ చానెల్ మీదుగానే సాగుతాయి. అందుకే 2001లో త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్‌ను దేశంలో మొదటిసారిగా ఇక్కడ ఏర్పాటు చేశారు. 2012లో క్యాంప్‌బెల్ బే దగ్గర ఐఎన్ఎస్ బాజ్ నౌకాదళ వైమానిక స్థావరం వచ్చింది. ముంబయి దాడుల తరువాత తొలి దశలో నెలకొల్పిన 46 తీర నిఘా రాడార్ కేంద్రాల్లో నాలుగు ఈ దీవుల్లోనే ఉన్నాయి. ఇన్ని కళ్లు పెట్టుకున్నా, వాటి చూపు నిలిచేది చివరికి చిన్న చిన్న విడిభాగాల మీదే.

కెపాసిటర్ మన ఇళ్లకు కొత్త కాదు. ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే ఎలక్ట్రీషియన్ వచ్చి ‘కండెన్సర్ పోయిందండీ’ అంటూ మార్చి వెళ్తాడు కదా, అదే ఇది. రెండు లోహపు రేకులు, వాటి మధ్య కరెంటు పారనివ్వని పలుచని పొర. అంతే దాని నిర్మాణం. కరెంటు ఇచ్చినప్పుడు ఒక రేకు మీద ఎలక్ట్రాన్లు పోగవుతాయి, రెండో దాని మీద తగ్గిపోతాయి. ఆ తేడా వల్ల మధ్యలో ఏర్పడే విద్యుత్ క్షేత్రంలో శక్తి నిలవ ఉంటుంది. బయట దారి దొరకగానే ఆ ఆవేశం ఒక్క ఉదుటున పారుతుంది. బ్యాటరీలో రసాయన చర్య జరగాలి కాబట్టి కొంత వ్యవధి కావాలి. కెపాసిటర్‌కు ఆ అవసరం లేదు. ఇంటి మీది నీళ్ల ట్యాంకును చిన్న మోటారు గంటసేపు నింపితే, కింద పెద్ద వాల్వు తిప్పగానే నీళ్లు ఉరికి వస్తాయి. ఇదీ అలాంటిదే.

రాడార్‌కు కావలసింది సరిగ్గా ఇదే. ఓడల మీద విరివిగా వాడే 25 కిలోవాట్ల రాడార్‌ను తీసుకోండి. అది ఆ శక్తిని నిరంతరంగా పంపదు. సెకనులో పది లక్షలో వంతు సేపు పంపి, ఆగి, ప్రతిధ్వని కోసం ‘వింటుంది’. సెకనుకు వెయ్యిసార్లు అలా చేసిందనుకుంటే, బయటకు వెళ్లే సగటు శక్తి 25 వాట్లే. అంటే ఒక చిన్న బల్బుకు సరిపడా కరెంటును కొంచెం కొంచెంగా కూడబెట్టి, రెప్పపాటుకన్నా ఎంతో తక్కువ సమయంలో దాన్ని వెయ్యి రెట్ల బలంతో వదలాలి. ఆ కూడబెట్టేదీ, వదిలేదీ కెపాసిటరే. ట్రాన్సిస్టర్లతో పనిచేసే కొత్త తరం రాడార్లలోనూ ప్రతి యాంప్లిఫయర్ పక్కనే ఇవి కాచుకుని ఉంటాయి.

దీవుల్లో దీనికి మరో బాధ్యత కూడా ఉంది. ఇక్కడికి ప్రధాన భూభాగం నుంచి గ్రిడ్ కరెంటు రాదు. చాలావరకు డీజిల్ జనరేటర్లే ఆధారం. పూర్వం పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన శ్రీ విజయపురం దగ్గర బ్యాటరీలతో కూడిన 20 మెగావాట్ల సౌర కేంద్రం ఉన్నా, దూరపు దీవులకు డీజిలే దిక్కు. ఒక జనరేటర్ నుంచి మరోదానికి మారేటప్పుడు ఓల్టేజీ ఒక్క క్షణం తడబడుతుంది. సెకనులో యాభయ్యో వంతు కరెంటు లేకపోయినా కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఆ కాస్త సందునూ పూడ్చేది పవర్ సప్లైలోని కెపాసిటరే. దాని సామర్థ్యం సగానికి పడిపోతే ప్రతి తడబాటుకూ నిఘాకు అంతరాయమే.

ఇక శత్రువుల సంగతి. పవర్ సప్లైలో వాడే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లో ద్రావకం ఉంటుంది. వేడికి అది క్రమంగా ఆవిరైపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్ల లెక్క. ఏడాది పొడవునా ఉక్కపోత, ఉప్పుగాలి ఉండే చోట ఇనుప పెట్టెలో బిగిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. వాడకుండా దాచినా ముప్పే. లోపలి రేకు మీదుండే ఆక్సైడ్ పొర ఏళ్ల నిలవలో బలహీనపడుతుంది. అలాంటి దానికి ఒక్కసారిగా పూర్తి ఓల్టేజీ ఇస్తే పేలిపోవచ్చు. మెల్లమెల్లగా ఓల్టేజీ పెంచుతూ ఆ పొరను తిరిగి బలపరచుకోవాలి. ఆ రాత్రి మేం చేయనిది అదే. బీరువా నిండా విడిభాగాలున్నాయని రిజిస్టర్‌లో రాసుకుంటే సరిపోదని నాకు అప్పుడే తెలిసింది.

ఇంతకూ వీటిని ఎవరు తయారు చేస్తున్నారు? మనం వాడే కెపాసిటర్లలో అధిక భాగం దిగుమతి అయ్యేవే. సూక్ష్మమైన సిరామిక్ రకాలకు జపాన్, దక్షిణ కొరియా, తైవాన్, చైనాలే ప్రధాన కేంద్రాలు. 2000 తరువాతి కొన్నేళ్లలో తైవాన్‌లో తయారైన కొన్ని కెపాసిటర్ల ద్రావకంలో లోపం వల్ల ప్రపంచమంతటా కంప్యూటర్ బోర్డులు ఉబ్బి చెడిపోయాయి. యుద్ధం రాకుండానే, ఎవరి కుట్రా లేకుండానే అంత జరిగింది. సంక్షోభ సమయంలో సరఫరా ఆగితే పరిస్థితి ఏమిటన్నది రక్షణ శాఖ వేసుకోవలసిన ప్రశ్న.

ఆశ లేకపోలేదు. కేరళలోని కన్నూరులో కెల్ట్రాన్ ఏళ్లుగా కెపాసిటర్లు తయారు చేస్తోంది. 2024లో ఇస్రో సహకారంతో అక్కడే సూపర్ కెపాసిటర్ల ఉత్పత్తి కేంద్రం మొదలైంది. కీలక పరికరాల్లో వాడే టాంటాలం కెపాసిటర్లకు అవసరమైన లోహాన్ని ఉత్పత్తి చేసే నైపుణ్యం మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు ఉంది. ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీకి కేంద్రం 2025 మార్చిలో రూ.22,919 కోట్ల పథకాన్ని ఆమోదించింది. అందులో సెల్‌ఫోన్ల అవసరాలతో పాటు వేడిని, ఉప్పుగాలిని తట్టుకునే రక్షణ శ్రేణి కెపాసిటర్లకూ వాటా ఉండాలి.

దీవుల్లో ఇప్పటికిప్పుడు చేయగల పనులూ ఉన్నాయి. ప్రతి విడిభాగం మీద తయారీ తేదీ చూసి పాతదాన్ని ముందు వాడాలి. నిలవ ఉన్నవాటికి నిర్ణీత గడువులో ఓల్టేజీ ఇచ్చి పరీక్షించాలి. ఉబ్బేదాకా ఆగకుండా, పనిచేసిన గంటల లెక్కన మార్చేయాలి. వీటికి వందల కోట్లు అక్కర్లేదు, క్రమశిక్షణ చాలు.

శిక్షణలో మా గురువు నేర్పిన మొదటి పాఠం: ‘స్విచ్ ఆపినంత మాత్రాన కెపాసిటర్‌ను నమ్మకు, ఎర్తింగ్ రాడ్ ఆనించాకే చెయ్యి పెట్టు’. కరెంటు తీసేసినా లోపల ఆవేశం మిగిలే ఉంటుందని ఆయన హెచ్చరిక. ఆ తొమ్మిది రోజుల తరువాత నేను దానికి ఇంకో మాట చేర్చుకున్నాను. పెట్టెలో కొత్తగా మెరుస్తోందని కూడా దాన్ని నమ్మకూడదు. మీటరు పెట్టి చూడాల్సిందే.