సముద్రం కింద రైలుదారి

ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ నడుమ ఉన్న సముద్రం కింద సొరంగం తవ్వటానికి 1880 ప్రాంతంలోనే పూనుకున్నారు. కాని, ఆ దారిన శత్రుసేనలు రావచ్చునని భయపడి ఇంగ్లండు 1882లో పని ఆపించింది.

నూరేళ్ళు గడిచాక రెండు ఒడ్డుల నుంచీ మళ్ళీ తవ్వసాగారు. రైళ్ళకు రెండు సొరంగాలు, వాటి మధ్య పనివాళ్ళు తిరగటానికి ఒక చిన్నది. సముద్రగర్భంలో బంకమన్ను కలిసిన సుద్ద పొర ఉన్నది. అది తవ్వటానికి మెత్తన. నీటిని తేలికగా దిగనివ్వదు. అందుచేత చాలావరకు ఆ పొరలోనే తవ్వుకుపోయారు.

ఎదురెదురుగా వచ్చే సొరంగాలు కలుసుకోకపోతే? లేజరు కిరణాలతో దారి సరిచూసుకుంటూ వచ్చారు. 1990 డిసెంబరు 1న చిన్న సొరంగంలో కన్నం పడింది. ఇటు పనివాడూ అటు పనివాడూ అందులోంచి చేతులు కలిపారు. తేడా మూరెడు కూడా లేదు!

1994లో రైలుదారి తెరిచారు. పొడవు 50 కిలోమీటర్లు; అందులో 38 సముద్రం కిందనే. ఆ పనిలో పదిమంది ప్రాణాలు కోల్పోయారు.