కోచ్ జంప్... మరి కుర్రాళ్ల సంగతేంటి?

2025 నవంబర్ 30, ఆదివారం. అమెరికాలోని మిసిసిపి యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు మాంచి ఊపు మీదుంది. అభిమానులు ముద్దుగా ‘ఓల్ మిస్’ అని పిలుచుకునే ఈ జట్టు ఆడిన 12 మ్యాచ్‌ల్లో 11 గెలిచింది. రెగ్యులర్ సీజన్‌లో ఇన్ని విజయాలు ఆ కాలేజీ చరిత్రలోనే లేవు. నేషనల్ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్స్ ముందున్నాయి. సరిగ్గా అప్పుడే హెడ్ కోచ్ లేన్ కిఫిన్ బాంబు పేల్చాడు. పక్క రాష్ట్రంలోని ప్రత్యర్థి జట్టు ఎల్‌ఎస్‌యూకి వెళ్లిపోతున్నట్టు ప్రకటించాడు.

అభిమానులకు అది షాకే. కానీ అసలు టెన్షన్ 17, 18 ఏళ్ల కుర్రాళ్లది. ఎందుకంటే హైస్కూల్ ప్లేయర్లు కాలేజీలతో సంతకాలు చేసే గడువు డిసెంబర్ 3న మొదలవుతుంది. అంటే మధ్యలో ఉన్నది మూడు రోజులు! ఏ కోచ్‌ని చూసి ఓల్ మిస్‌కి మాటిచ్చారో ఆ కోచే లేడు. ఇప్పుడు సంతకం పెట్టాలా? ఆగాలా? ఆయన వెనకాలే వెళ్లాలా?

ఇది ఆ ఒక్క కాలేజీ గొడవ కాదు. ఏటా చలికాలంలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జరిగే కుర్చీలాట ఇదే.

వేలం లేదు, డ్రాఫ్ట్ లేదు

ముందుగా ఓ క్లారిటీ. ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. కాలేజీ ఆటే కదా అని తీసిపారేయకండి. లక్షకు పైగా సీట్లున్న కాలేజీ స్టేడియాలు అక్కడ అరడజను పైనే ఉన్నాయి. ఎంఎస్‌కి వెళ్లిన మన తెలుగువాళ్లని అడగండి, మ్యాచ్ ఉన్న శనివారం క్యాంపస్‌లో కారు పార్కింగ్ దొరకడం ఎంత కష్టమో చెప్తారు.

మన ఐపీఎల్‌లో వేలం ఉంటుంది. ఎవరు కొంటే వాళ్లకి ఆడాలి. కాలేజీ ఫుట్‌బాల్‌లో సీన్ రివర్స్. మంచి ప్లేయర్ కోసం కాలేజీలన్నీ ఎగబడతాయి, ఎంచుకునేది మాత్రం కుర్రాడే. దీన్నే రిక్రూటింగ్ అంటారు. కోచ్‌లు ఫోన్లు చేస్తారు, ఇంటికొచ్చి అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడతారు. ఏళ్ల తరబడి ఆ బంధం నడుస్తుంది. చివరికి కుర్రాడు సంతకం చేసేది కాలేజీ పేరున్న కాగితం మీదే అయినా, నమ్మింది మాత్రం కోచ్‌ని. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఒక్క రిటైర్మెంట్, నాలుగు కాలేజీలు

2024 జనవరి 10న అలబామా కోచ్ నిక్ సేబన్ రిటైర్ అయ్యాడు. అక్కడ 17 సీజన్లలో 6 నేషనల్ టైటిల్స్ కొట్టిన దిగ్గజం ఆయన. ఆ కుర్చీలోకి వాషింగ్టన్ నుంచి కేలెన్ డిబోర్ వచ్చాడు. వాషింగ్టన్ వాళ్లు అరిజోనా కోచ్ జెడ్ ఫిష్‌ని తీసుకెళ్లారు. అరిజోనా వాళ్లు శాన్ హోసే స్టేట్ కోచ్ బ్రెంట్ బ్రెనన్‌ని పట్టుకెళ్లారు. శాన్ హోసే స్టేట్ ఇంకో కోచ్‌ని వెతుక్కుంది. ఒక్కాయన ఇంటికెళితే కొద్ది రోజుల్లోనే నాలుగు జట్లలో కోచ్‌లు మారిపోయారు.

కోచ్ వెళ్లిపోతే ఆ జట్టు ప్లేయర్లకు కాలేజీ మారడానికి ప్రత్యేకంగా కొంత గడువు ఇస్తారు. అప్పట్లో అది 30 రోజులు. ఇంకేముంది, అలబామా మీద మిగతా కాలేజీలు వాలిపోయాయి. మొదటి ఏడాదిలోనే స్టార్ అయిన డిఫెండర్ కేలెబ్ డౌన్స్ ఒహాయో స్టేట్‌కి వెళ్లిపోయాడు. మరుసటి సీజన్‌లోనే ఆ జట్టుతో నేషనల్ టైటిల్ గెలిచాడు. అప్పుడే క్యాంపస్‌లో అడుగుపెట్టిన క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్ కూడా, అలబామా తరఫున ఒక్క మ్యాచ్ ఆడకుండానే ఒహాయో స్టేట్ దారి పట్టాడు.

అందరిదీ అదే దారి కాదు. హైస్కూల్ సెన్సేషన్ ర్యాన్ విలియమ్స్ సేబన్ రిటైర్ కాగానే అలబామాకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నాడు. కొత్త కోచ్‌తో మాట్లాడి కొన్ని వారాల్లో మళ్లీ అలబామాకే ఓకే చెప్పాడు. కేడిన్ ప్రాక్టర్ కథ ఇంకా సినిమాటిక్. అలబామా నుంచి సొంత రాష్ట్రం అయోవాకి వెళ్లి, అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే తిరిగొచ్చేశాడు.

నోటీస్ పీరియడ్ ఎవరికి?

కొన్నేళ్ల క్రితం వరకు ఈ ఆటలో స్వేచ్ఛ కోచ్‌కే ఉండేది. ఈ రోజు ఒక కాలేజీ, రేపు ఇంకో కాలేజీ. కాంట్రాక్టు మధ్యలో వెళితే బైఅవుట్ కట్టాలి, అంతే. మన ఐటీలో నోటీస్ పీరియడ్ డబ్బులు కొత్త కంపెనీ కట్టినట్టు, ఇక్కడా చాలాసార్లు కొత్త కాలేజీయే కట్టేస్తుంది. ప్లేయర్ సంగతి వేరు. కాలేజీ మారితే మామూలుగా ఏడాది పాటు ఆడకుండా బెంచ్ మీద కూర్చోవాలి. సంతకం చేసిన ఒప్పందంలో కూడా, నువ్వు చేరుతున్నది కాలేజీలో, కోచ్ దగ్గర కాదు అనే అర్థం వచ్చే క్లాజు ఉండేది.

2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. సింపుల్‌గా చెప్పాలంటే అదో డేటాబేస్. అందులో పేరు పెట్టడమంటే లింక్డ్‌ఇన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ బ్యాడ్జ్ పెట్టుకున్నట్టే. 2021లో ఒకసారి కాలేజీ మారినా ఏడాది ఆగక్కర్లేదన్నారు. అదే ఏడాది జులై 1 నుంచి ప్లేయర్లు తమ పేరు, ఫొటో వాడుకుని సంపాదించుకునే హక్కు వచ్చింది. 2024లో చదువు సరిగ్గా సాగుతుంటే ఎన్నిసార్లు మారినా ఫర్వాలేదన్నారు. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ పరిమితి, అన్ని క్రీడలకూ కలిపి, 2.05 కోట్ల డాలర్లు.

దాంతో లెక్క మారిపోయింది. మేనేజర్ కంపెనీ మారిన ఆర్నెల్లకి టీమ్‌లో సగం మంది అక్కడే తేలడం ఐటీలో మనకి తెలిసిందే. ఇప్పుడు ఫుట్‌బాల్‌లోనూ అంతే. 2021లో లింకన్ రైలీ ఓక్లహోమా నుంచి యూఎస్‌సీకి వెళితే, క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్ వెనకాలే వెళ్లాడు. 2022లో దేశంలోనే బెస్ట్ ప్లేయర్‌కి ఇచ్చే హీజ్‌మన్ ట్రోఫీ కొట్టాడు.

ఇండియానా మ్యాజిక్

కర్ట్ సిగ్నెటీది మరీ విచిత్రం. 2023లో 12 మ్యాచ్‌ల్లో 3 మాత్రమే గెలిచిన ఇండియానా యూనివర్సిటీ ఆయన్ని తెచ్చుకుంది. ఆయన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి 13 మంది ప్లేయర్లు వెంట వచ్చారు. తన సిస్టమ్ తెలిసినవాళ్లు కాబట్టి మొదటి రోజు నుంచే పని మొదలైపోయింది. తొలి సీజన్‌లో 11 విజయాలు. రెండో సీజన్‌లో 16కి 16 గెలిచి 2026 జనవరిలో నేషనల్ ఛాంపియన్! ఆ కాలేజీకి అదే మొదటి టైటిల్.

ఇది చూశాక ఏ కొత్త కోచ్ అయినా ఏమనుకుంటాడు? పదిహేడేళ్ల కుర్రాడిని తెచ్చి మూడేళ్లు తీర్చిదిద్దే ఓపిక ఎందుకు, రెడీగా ఉన్న 22 ఏళ్లవాణ్ని పోర్టల్‌లోంచి తెచ్చుకుంటే పోలా అనుకుంటాడు. ఫ్రెషర్స్‌ని మానేసి లేటరల్స్‌ని తీసుకున్నట్టు.

దెబ్బ ఎవరికి?

పెన్ స్టేట్‌ని చూడండి. 2025 సీజన్ మొదలయ్యేటప్పుడు దేశంలో రెండో ర్యాంకు. వరుసగా మూడు ఓటములు రాగానే, అక్టోబర్ 12న కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేశారు. నవంబర్‌లో ఆయన వర్జీనియా టెక్‌లో చేరాడు. పెన్ స్టేట్‌కి మాటిచ్చిన హైస్కూల్ కుర్రాళ్లు చాలామంది ఆయన దగ్గరికో, మరో కాలేజీకో వెళ్లిపోయారు. డిసెంబర్ 3న పెన్ స్టేట్‌తో సంతకం చేసింది ఇద్దరే! కొత్త కోచ్ మ్యాట్ క్యాంబెల్ వచ్చేసరికి సంతకాల రోజు దాటిపోయింది. ఆయన ఖాళీల్ని ఎలా నింపాడు? తన పాత కాలేజీ అయోవా స్టేట్ నుంచి ప్లేయర్లను పెద్ద సంఖ్యలో తెచ్చుకున్నాడు. ఒక ఇంట్లో గుంత పూడ్చడానికి ఇంకో ఇంట్లో మట్టి తవ్వినట్టు.

ఇంకో సమస్య ఆట స్టైల్. జార్జియా టెక్‌లో పాల్ జాన్సన్ 2018 వరకు ‘ట్రిపుల్ ఆప్షన్’ ఆడించేవాడు. అందులో బంతి విసరడం తక్కువ, పరిగెత్తడం ఎక్కువ. ఆ ఆటకి తగ్గ కుర్రాళ్లనే ఏరి తెచ్చుకున్నాడు. ఆయన రిటైరయ్యాక వచ్చిన కోచ్ స్టైల్ మొత్తం మార్చేశాడు. జావా కోసం తీసుకుని, చేరాక రేపట్నుంచి అంతా పైథాన్ అన్నట్టు! తప్పు కుర్రాడిది కాదు, టాలెంట్ కూడా ఎక్కడికీ పోలేదు. కానీ జట్టులో చోటు గల్లంతు.

స్టార్లకి పోర్టల్ అంటే పండగే. మధ్యస్థంగా ఆడేవాళ్లకి అది జూదం. పేరు పెట్టిన అందరికీ కొత్త కాలేజీ దొరకదు. పేరు పెట్టగానే ఆ సెమిస్టర్ తర్వాత స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు పాత కాలేజీకి ఉంటుంది. కాలేజీ మారితే చదివిన సబ్జెక్టుల క్రెడిట్స్ అన్నీ చెల్లుతాయన్న గ్యారంటీ లేదు. డిగ్రీ వెనకబడుతుంది.

ఈ గందరగోళం చూసి 2025 అక్టోబర్‌లో రూల్ మార్చారు. ఇప్పుడు కొత్త కోచ్ వచ్చిన 5 రోజుల తర్వాతే గడువు మొదలవుతుంది, అదీ 15 రోజులే. కోచ్‌తో ఓసారి కూర్చుని మాట్లాడి నిర్ణయం తీసుకోండి అని దీని ఉద్దేశం. మంచి మార్పే. కానీ కోచ్‌లు సీజన్ మధ్యలో వెళ్లిపోవడం మాత్రం ఆగలేదు.

కోచ్ లేకపోయినా ఉంటావా?

అందుకే సంతకం చేసే కుర్రాడు తనని తాను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: రేపు ఈ కోచ్ లేకపోయినా నేను ఇక్కడ ఉంటానా? ఉంటాను అంటే పెన్ను తీయొచ్చు. ఒక ప్రొఫెసర్ పేరు చూసి పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లు, ఒక మేనేజర్ మాట నమ్మి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేవాళ్లు కూడా వేసుకోవాల్సిన ప్రశ్నే ఇది.

ఆ ప్రశ్నకి ఉంటాను అని చెప్పినవాళ్లూ ఉన్నారు. 2024లో జెడ్ ఫిష్ అరిజోనాని వదిలెళ్లినప్పుడు క్వార్టర్‌బ్యాక్ నోవా ఫిఫీటా, రిసీవర్ టెటైరోవా మెక్‌మిలన్ కదల్లేదు. ఇద్దరూ హైస్కూల్ నుంచి కలిసి ఆడిన దోస్తులు. మరుసటి ఏడాది మెక్‌మిలన్‌ని ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో కరోలినా పాంథర్స్ 8వ పిక్‌గా తీసుకుంది. ఫిఫీటా ఆ తర్వాతి సీజన్‌లోనూ అరిజోనా జెర్సీలోనే ఆడాడు.